పరీక్ష వానపాముకి, శిక్ష మన పందికి

ఊరి పేరు చెప్పం. ఆసుపత్రి పేరూ చెప్పం. పెదపాడు నుంచి కొల్లేటి గట్టు దాకా ఏ పేటలో అడిగినా "ఇది మా సంగతే" అంటారు గనక పేర్లతో పని లేదు.

ఒక ముసలావిడ. సెంటు భూమి లేదు. ఒక తల్లిపంది ఉంది. ఈతకి ఎనిమిది పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు తిరిగేసరికి పిల్లల పొట్టలు కుండల్లా ఉబ్బినయ్యి. వెన్నుపూస బయటికొచ్చింది. ఉండుండి దగ్గు. పెంటలో జానెడేసి తెల్ల పురుగులు. ఆవిడ ఒక పిల్లని గోనెసంచిలో వేసుకుని నాలుగు మైళ్ళు నడిచి పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడ గేదెలున్నాయి, గొర్రెలున్నాయి, సంక్రాంతికి మేపే పుంజు కూడా ఒకటి ఉంది. పందిని చూడగానే అక్కడున్నాయన నవ్వాడు. "దానికి మందేంటే, దాని తిండే దానికి మందు" అన్నాడు. ఆవిడ కదలకపోయేసరికి గేదెల మందు సీసా అడుగున మిగిలింది చేతిలో పెట్టి "ఇంత పొయ్యి" అని పంపించాడు.

ఇంత అంటే ఎంత? అది ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంటికొచ్చి మనవడి చేత సీసా మీద అక్షరాలు చదివించింది. గేదెకి ఇంత, గొర్రెకి ఇంత అని రాసుంది. గేదె బొమ్మ ఉంది, గొర్రె బొమ్మ ఉంది. పంది బొమ్మ లేదు. ఎనిమిదింట్లో మూడు మిగిలాయి.

ఈ సంపాదకీయం ఆ లేని బొమ్మ గురించి.

పందుల పురుగు గురించి కూడా సంపాదకీయం రాయాలా, భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ గురించి రాయకూడదా అని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి లేనివాడికి పందే భూమి అని వాళ్ళకి మా జవాబు. పాల గేదెకి గడ్డి కావాలి, గడ్డికి గట్టు కావాలి, గట్టు ఆసామిది. పందికి అవేమీ అక్కర్లేదు. ఎరుకల ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి, పేటలో పిల్లాడి హాస్టల్ ట్రంకు పెట్టె, ఆసుపత్రి ఖర్చు, క్రిస్మస్‌కి కొత్త బట్టలు, అన్నీ ఆ నల్ల జంతువు మీద నుంచే వచ్చాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90 లక్షల పైచిలుకు. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. తగ్గిన ఆ 12 శాతం ఎవరి దొడ్లో తగ్గిందో లెక్కలు రాసేవాళ్ళు చెప్పరు. మనం చెప్పగలం.

ముందు ఆ పురుగు సంగతి తెలుసుకుందాం. తెలియనిదాన్ని అడగలేం.

పంది పెంటలో కనిపించే జానెడు తెల్ల పురుగు ఏలికపాము. ఆడ పురుగు రోజుకి రెండు లక్షల గుడ్లు పెడుతుంది, అంతకి మించి కూడా పెడుతుంది. గుడ్డు పెంటతో మట్టిలో పడుతుంది. మన ఎండకి, మన తేమకి కొద్ది వారాల్లో అందులో పిల్ల తయారవుతుంది. ఆ గుడ్డు పెంకు ఎంత మొండిదంటే మట్టిలో ఏళ్ళ తరబడి చావదు, బ్లీచింగ్ పొడి చల్లినా లొంగదు. పందిపిల్ల ముట్టెతో మట్టి కెలికినప్పుడు గుడ్డు లోపలికి పోతుంది. పేగులో పగిలి, పేగు గోడ తొలుచుకుని, ముందు కాలేయానికి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి పోతుంది. పిల్ల దగ్గేది అప్పుడే. మనం చలికి దగ్గుతోంది అనుకుంటాం. దగ్గుతో గొంతులోకి వచ్చిన పురుగుని పంది మళ్ళీ మింగుతుంది. ఈసారి పేగులో స్థిరపడి పెరుగుతుంది. ఈ ప్రయాణమంతా అయ్యి పెంటలో గుడ్లు కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే పురుగు కంటికి కనబడేసరికి కాలేయం మీద తెల్ల మచ్చలు పడిపోయాయి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, తిన్న తిండి ఒంటికి పట్టడం మానేసింది.

ఇదొక్కటే కాదు. పెద్దపేగులో కొరడాలాంటి సన్న పురుగు ఉంటుంది, నెత్తురు విరేచనాలు పట్టిస్తుంది. పేగు గోడలో గడ్డలు కట్టే పురుగు ఉంది. పాలు తాగే పిల్లలకి తల్లి పాలల్లోంచే సోకే దారప్పురుగు ఉంది. ఊపిరితిత్తుల్లో ఉండే పురుగు ఒకటుంది, అది వానపాముల ద్వారానే పందికి వస్తుంది. వానపాము సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇన్ని పురుగులకి ఒకే మందు పనిచెయ్యదు. ఇది మన వాళ్ళందరికీ తెలియాల్సిన మొదటి ముక్క. పైపరజిన్ ఏలికపాముని పడగొడుతుంది, కొరడా పురుగుని ఏమీ చెయ్యలేదు. ఐవర్‌మెక్టిన్ ఏలికపామునీ, ఒంటి మీద గజ్జినీ, పేలనీ చంపుతుంది గాని కొరడా పురుగు మీద దాని దెబ్బ నమ్మకం కాదు. ఫెన్‌బెండజోల్‌ని వరసగా కొన్ని రోజులు మేతలో పెడితే కొరడా పురుగు కూడా లొంగుతుంది. ఏ మందు, ఏ పురుగుకి, ఎంత, ఎన్నిసార్లు? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు దేవుడు చెప్పలేదు, ఋషులు చెప్పలేదు. లాబొరేటరీలో పరీక్ష చేసి తేల్చారు.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారో కూడా చెప్పుకుందాం. లాబొరేటరీ అంటే మనవాళ్ళకి గుడి లాంటి భయం. లోపల జరిగేది తెలిస్తే ఆ భయం పోతుంది.

మొదటిది గాజుపళ్ళెం పరీక్ష. పందిని కోసినచోట పేగుల్లోంచి బతికున్న పురుగుల్ని ఏరి, పంది ఒంటి వేడికి సమానమైన గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేసి, అందులో మందు కలిపి చూస్తారు. కదులుతున్నాయా, పడిపోయాయా, ఎంతసేపట్లో? లేకపోతే గుడ్లని మందులో ఉంచి ఎన్ని పగిలాయి, ఎన్ని పగల్లేదు అని లెక్కపెడతారు. ఇది మొదటి మెట్టు మాత్రమే. గాజుపళ్ళెంలో చచ్చిన పురుగు పంది కడుపులో చావాలని లేదు. కడుపులో మందు కరిగిపోవచ్చు, నెత్తుట్లో కలిసిపోవచ్చు, పురుగున్న చోటికి చేరకపోవచ్చు.

రెండోది పెంట పరీక్ష. మందు పొయ్యకముందు పంది పెంట రెండు మూడు గ్రాములు తూచి, బాగా చిక్కటి ఉప్పునీళ్ళలో కలుపుతారు. గుడ్లు తేలతాయి. గళ్ళు గీసిన గాజుపలక మీద పోసి మైక్రోస్కోపులో లెక్కపెడతారు. దాన్ని మెక్‌మాస్టర్ పలక అంటారు. మందు పోశాక పది నుంచి పద్నాలుగు రోజులకి మళ్ళీ లెక్కపెడతారు. మొదట గ్రాముకి 1000 గుడ్లుండి తర్వాత 50కి పడిపోతే మందు 95 శాతం పనిచేసినట్టు. 600 దగ్గర ఆగిపోతే ఎక్కడో మోసం ఉంది. మందు నకిలీదైనా కావాలి, మోతాదు తక్కువైనా కావాలి, పురుగు ఆ మందుకి లొంగటం మానేసైనా ఉండాలి. ఈ పరీక్షకి కావలసిందేమిటి? ఒక మైక్రోస్కోపు, ఒక గాజుపలక, గుప్పెడు ఉప్పు, లెక్కపెట్టే మనిషి. ఉప్పుకి కూడా బడ్జెట్ లేదని ఎవరైనా అంటే నమ్ముదామా?

మూడోది కోత పరీక్ష. పురుగున్న పందుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మందు పోసి, రెండో గుంపుకి పొయ్యకుండా ఉంచి, తర్వాత రెండు గుంపుల్నీ కోసి పేగుల్లో మిగిలిన పురుగుల్ని ఒక్కొక్కటి లెక్కపెడతారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇదే. పందుల మీద పురుగుమందుల్ని ఇట్లా పరీక్షించే పద్ధతిని పశు పరాన్నజీవుల శాస్త్రవేత్తల ప్రపంచ సంఘం 1986లోనే రాసిపెట్టింది. తర్వాత అమెరికా, యూరప్, జపాన్ కలిసి పెట్టుకున్న నియమాల్లో కూడా ఒక మందు పురుగుల్ని కనీసం 90 శాతం తగ్గించాలి, ఒక్క పరీక్ష చాలదు, రెండైనా ఉండాలి అని ఉంది. అక్కడ పంది పెద్ద రైతు సొత్తు, పెద్ద కంపెనీ సొత్తు. అందుకే సీసా మీద దాని బొమ్మ ఉంటుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దగ్గర పురుగుమందు పరీక్షలు జరగటం లేదా? బ్రహ్మాండంగా జరుగుతున్నాయి. ఎవరి మీద? వానపాము మీద.

నవ్వులాట కాదు. మన ఫార్మసీ కాలేజీల్లో ఏటేటా జరిగే పనే. ఏదో ఒక చెట్టు ఆకో, బెరడో, గింజో తెచ్చి, ఎండబెట్టి, దంచి, రసం తీస్తారు. తడి మట్టిలోంచి వానపాముల్ని తవ్వి తెస్తారు. రసంలో వేస్తారు. ఎన్ని నిమిషాలకి చచ్చుబడింది, ఎన్ని నిమిషాలకి చచ్చింది అని గడియారం చూసి రాస్తారు. పక్కన ఆల్బెండజోల్‌లోనో పైపరజిన్‌లోనో ఇంకో వానపాముని వేసి పోల్చి చూపిస్తారు. ఈ ఆకు పురుగుమందుగా పనికొస్తుంది అని ముగింపు రాసి పత్రికకి పంపిస్తారు. ఒకరికి పట్టా, ఒకరికి ప్రమోషన్. వానపాముని ఎందుకు పట్టుకున్నారయ్యా అంటే, చూడటానికి పేగులోని పురుగులాగే ఉంటుంది, తేలిగ్గా దొరుకుతుంది అంటారు.

పోలిక చూడండి. వానపాము ఒళ్ళు ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది, తడి చర్మంతో గాలి పీలుస్తుంది. ఏ ఉప్పు రసం, ఏ పుల్లటి రసం, ఏ చిక్కటి కషాయం తగిలినా గిలగిల్లాడి చస్తుంది. గేలం వేసే పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఏలికపాముకి ఉంగరాల్లేవు, దళసరి తోలు ఉంది, పేగు రసాల్లో మునిగి బతకటానికే పుట్టింది. వానపాము మట్టికి మేలు చేసే రైతు. ఏలికపాము ఇంకొకడి కష్టం మీద బతికే పెత్తందారు. ఇద్దరూ పొడుగ్గా ఉన్నంత మాత్రాన ఒక్కటైపోతారా?

ఆ పరీక్ష మొదటి వడపోతగా పనికొస్తే రావచ్చు. మా కోపం అది చేసినందుకు కాదు. అక్కడే ఆగిపోయినందుకు. గాజుపళ్ళెం నుంచి పెంట పరీక్షకి, పెంట పరీక్ష నుంచి పంది దొడ్డికి రాకుండా కాయితం మీదే పరిశోధన ముగిసిపోతున్నందుకు. కాలేజీ కుర్రాళ్ళని తప్పు పట్టటం లేదు. వాళ్ళలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మన పిల్లలూ ఉన్నారు. పంది దొరకదా అంటే పేటలో దొరుకుతుంది. పేటలోకి రావాలంటేనే గైడు గారికి కాలు రాదు.

ఇంకో మాట కూడా ఉంది. ఆ ఆకులు ఎవరివి? మోదుగ గింజలు పురుగుకి మందని, వాయువిడంగాలు పనిచేస్తాయని, వేపాకు నూరి పొయ్యాలని చెప్పినవాళ్ళు అడవిలో, పేటలో, గూడెంలో బతికినవాళ్ళు. వక్కలో బద్దెపురుగుని వదిలించే గుణం ఉందని మన ముసలాళ్ళకి తెలుసు. ఆ వక్కలోంచే తీసిన అరెకొలిన్‌ని పశువైద్యులు కుక్కల బద్దెపురుగుకి చాలాకాలం వాడారు. జ్ఞానం మనది, పేపరు వాళ్ళది, ఫలితం ఎవరికీ కాదు. అలాగని పాతదంతా మంచిదే అని కూడా మేం అనం. మోతాదు తప్పితే ఆకు కూడా విషమే. మన ముసలాళ్ళ మందుల్లో ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో మన పంది మీద, మన కళ్ళముందు, సరిగ్గా పరీక్షించి చెప్పమంటున్నాం. పనిచెయ్యదని తేలితే మానేస్తాం. మనం నమ్మకాల బానిసలం కాదు.

లాబొరేటరీ పేదవాడికి పనికిరాదు అనటం కూడా తప్పే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనశాల నడిపాడు. 1947లో అక్కడే బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్‌ని కనుక్కున్నారు. దాన్ని ముందు ఎవరి మీద పరీక్షించారు? వానపాము మీద కాదు. నెత్తుట్లో అటువంటి పురుగే ఉన్న పత్తి ఎలుకల మీద. రోగానికి తగిన జంతువుని వెతికి పట్టుకుని పరీక్షించారు గనకే గోదావరి డెల్టాలో ఏనుగు కాళ్ళతో బతుకీడ్చిన జనానికి ఆ మాత్ర అందింది. ఐవర్‌మెక్టిన్ కథా అంతే. 1981లో పశువుల మందుగా వచ్చింది, 1987 నుంచి ఆఫ్రికాలో కళ్ళు పోగొట్టే పురుగుకి మనుషులకి ఉచితంగా ఇచ్చారు, 2015లో దాన్ని కనుక్కున్న ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషికి వేసే పురుగుమందుల్లో చాలా భాగం ముందు పశువు కడుపులో నెగ్గి వచ్చినవే. పశువుకి చేసిన మేలు మనిషికి చేరుతుంది. పశువుకి చేసిన అన్యాయం కూడా మనిషికే చేరుతుంది.

ఆ అన్యాయం ఎట్లా చేరుతుందో ఇప్పుడు చెప్తాం. ఇది జాగ్రత్తగా చదవండి, చదువురానివాళ్ళకి చదివి వినిపించండి.

బద్దెపురుగు ఒకటుంది. పెద్ద పురుగు మనిషి పేగులో ఉంటుంది. దాని గుడ్లు మనిషి మలంలో పడతాయి. బయట కూర్చున్నచోట పంది తింటే గుడ్డు పగిలి పంది కండలో సగ్గుబియ్యం గింజలాంటి పొక్కులు కడుతుంది. ఆ మాంసం సరిగ్గా ఉడక్కుండా తిన్న మనిషి పేగులో మళ్ళీ బద్దెపురుగు పెరుగుతుంది. ఇంతవరకూ కడుపునొప్పితో పోయేదే. ప్రమాదం ఎక్కడంటే, ఆ గుడ్లు మనిషి నోట్లోకే పోతే పొక్కులు మనిషి మెదడులో కడతాయి. ఫిట్స్ వస్తాయి. మనం కాకిసొమ్మ అని, గాలి సోకిందని, దెయ్యమని తాళం చెవులు చేతిలో పెట్టి, చెప్పు వాసన చూపించే రోగాల్లో కొంత భాగం ఇదే. ఈ పురుగు పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో దాదాపు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గుడ్డు వచ్చేది మాంసంలోంచి కాదు. మనిషి మలంలోంచి, కడగని చేతుల్లోంచి, మురుగు నీళ్ళు తగిలిన ఆకుకూరలోంచి వస్తుంది. కాబట్టి పంది మాంసం ముట్టనివాడికి కూడా మెదడులో పొక్కు వస్తుంది. మన దేశంలో పూర్తి శాకాహారుల తలల్లో కూడా డాక్టర్లు దీన్ని చూశారు. న్యూయార్క్‌లో పందిని తలచుకోవటమే పాపమనుకునే యూదు కుటుంబాల్లో ఈ రోగం బయటపడిందని 1992లో ఒక పెద్ద వైద్య పత్రిక రాసింది. ఇంటి పనికి పెట్టుకున్న వలస కూలీల నుంచి సోకిందని తేల్చారు. ఆ పనిమనిషికి అంతకుముందు ఎవరూ ఒక పరీక్ష చెయ్యలేదు, ఒక మాత్ర ఇవ్వలేదు. ఆమె వండిన అన్నం మాత్రం తిన్నారు. పేటని మురికిలో ఉంచి ఊరు ఆరోగ్యంగా ఉండలేదు అనటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? "పంది తినేవాళ్ళ వల్లే రోగాలు" అనేవాళ్ళకి ఈ మాట చెప్పండి.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయిన సంగతి మనకి గుర్తుంది. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద సంస్థలు దిగాయి. నెత్తురు తీశారు, నీళ్ళు తీశారు, పాలు తీశారు. ఢిల్లీ ఎయిమ్స్ నెత్తుట్లో సీసం, నికెల్ ఉన్నాయంది. దానికీ మన పురుగుకీ సంబంధం లేదు. మేం అడిగేది వేరే. ఒక వారంలో ఒక పట్టణం పడిపోతే అన్ని లాబొరేటరీలు కదిలాయి, మంచిదే. ఏళ్ళ తరబడి పేటల్లో ఒక్కొక్కళ్ళుగా పడిపోతున్నవాళ్ళ కోసం ఒక్క మైక్రోస్కోపు ఎందుకు కదలదు? గుంపుగా పడితేనే మనుషులమా?

మందు లేక కాదు. ఆక్స్‌ఫెండజోల్ అనే మందుని కిలోకి 30 మిల్లీగ్రాముల లెక్కన ఒక్కసారి పోస్తే పంది కండలోని పొక్కులు చస్తాయని పెరూ దేశంలో పరీక్షలు చేసి తేల్చారు. పేగు పురుగులకి పోసే మోతాదు ఇందులో చిన్న భాగమే. అంటే మందు అదే అయినా మోతాదు తెలియకపోతే పోసి ప్రయోజనం లేదు. టీకా కూడా ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధనలో పుట్టిన ఆ టీకాని సిస్‌వాక్స్ పేరుతో తయారుచేస్తున్నది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. టీకానీ మందునీ కలిపి వాడితే పందుల్లో ఆ పురుగు సోకటమే ఆగిపోయిందని కామెరూన్‌లో జరిగిన పరీక్ష 2010లో చెప్పింది. నేపాల్‌లో, టాంజానియాలో కూడా పల్లెల్లో వాడి చూశారు. హైదరాబాద్ టీకా ఆఫ్రికా పల్లెకి పోగలిగింది. మరి హైదరాబాద్ నుంచి పెదపాడుకి దారి లేదా?

కేంద్రాలు లేకా కాదు. హనుమాన్ జంక్షన్ దాటితే గన్నవరం. అక్కడ ఒకప్పుడు ప్రభుత్వమే బేకన్ ఫ్యాక్టరీ నడిపింది. పంది మాంసం డబ్బాల్లో పెట్టి పట్నాలకి అమ్మటానికి అప్పుడు అంటు అడ్డం రాలేదు. 1998లో అదే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వచ్చింది. తిరుపతిలో పందుల మీద అఖిల భారత స్థాయి పరిశోధన కేంద్రమే ఉంది. అక్కడ చదివినవాళ్ళకి మేం పైన రాసిందంతా మాకంటే బాగా తెలుసు. తెలిసింది ఊరు దాకా రావటమే లేదు. 2021 నుంచి జాతీయ పశుసంపద పథకంలో పందుల పెంపకానికి సగం సబ్సిడీ, 30 లక్షల దాకా ఇస్తామన్నారు. ఎవరికి? యాభై తల్లిపందులు, వంద తల్లిపందులు పెట్టేవాడికి. రెండు పందులున్న ఎరుకల ఆడమనిషికి ఆ ఫారం చూసే యోగం కూడా లేదు. పంది లాభసాటి అని తెలిసిన రోజున అది అగ్రకులాల షెడ్డులోకి పోతుంది, "స్వైన్ ఫార్మ్" అవుతుంది. మన గుమ్మంలో ఉన్నంతకాలం అది ఊరికి రోత.

ఇప్పుడు మన తప్పులు. ఎదుటివాణ్ణి తిట్టి మన ఇల్లు చూసుకోకపోతే అది ఉద్యమం కాదు.

మొదటి తప్పు, మనలో మనమే ఎక్కువ తక్కువలు పెట్టుకోవటం. పందులు మేపేవాళ్ళని వేరుగా చూసే మాల మాదిగలు లేరా? ఎరుకల వాళ్ళని తెల్లదొరల నేరస్థ తెగల చట్టం పుట్టు దొంగలన్నది, 1952లో ఆ చట్టం పోయింది. మన నోట్లోంచి ఆ మాట పోయిందా? "పందులోళ్ళు" అని మనం అన్నంతకాలం మనల్ని ఊరు ఏమన్నా నోరెత్తే హక్కు మనకి లేదు.

రెండో తప్పు, మందుని కంటి అంచనాతో పొయ్యటం. తక్కువ పోస్తే గట్టి పురుగులు బతికి, వాటి సంతానమే మిగులుతుంది. తర్వాత ఆ మందు నీళ్ళతో సమానం. డెన్మార్క్ లాంటి దేశంలోనే పైరాంటెల్ మందుకి లొంగని పంది పురుగు 1980ల్లో బయటపడింది. కాటా లేదని సాకు చెప్పొద్దు. టైలరు టేపు తీసుకోండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 880తో భాగించండి. దాదాపు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 36, పొడవు 34 అయితే పంది 50 కిలోలు. ఆ అంకె కాయితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. "50 కిలోల పందికి ఏ మందు, ఎంత?" అని అడగండి. ఐవర్‌మెక్టిన్ ఒక శాతం ఇంజక్షన్ అయితే 33 కిలోలకి ఒక మిల్లీలీటరు లెక్క, అంటే ఈ పందికి ఒకటిన్నర. అంకెతో అడిగినవాడికి "ఇంత పొయ్యి" అని జవాబు చెప్పటం కష్టం. చూడి పందికి మాత్రం అడక్కుండా ఏ మందూ పొయ్యొద్దు.

మూడో తప్పు, మందు పోసిన పందిని వెంటనే కొయ్యటం, పొక్కులున్న మాంసాన్ని చవగ్గా అమ్మటం. మందు పోశాక ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద ఉంటుంది, అన్ని రోజులూ ఆగాలి. సగ్గుబియ్యం పొక్కులున్న మాంసం తినొద్దు, అమ్మొద్దు. అది కొనేది కూడా మనవాళ్ళే. మాంసం లోపల గులాబీ రంగు మిగలకుండా ఉడకాలి.

నాలుగోది, బయట కూర్చోవటం. 2019 అక్టోబరులో దేశంలో ఏ పల్లెలోనూ బయట కూర్చునేవాడు లేడని ప్రకటించారు. నీళ్ళు రాని మరుగుదొడ్డిలో పిడకలు పేర్చుకుంటున్నామని మనకి తెలుసు. నీళ్ళు అడుగుదాం, కొట్లాడదాం. ఉన్న దొడ్డిని వాడుకుందాం. పంది తప్పు చెయ్యటం లేదు, మనం వదిలింది తింటోంది.

ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడి పిల్లలకి ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నారు. 2015 నుంచి జరుగుతోంది. మంచిదే, ఒక్క పిల్ల కూడా తప్పకుండా వేయించండి. కాని మాత్ర మింగిన పిల్ల సాయంత్రం ఆడుకునేది పంది తిరిగిన మట్టిలోనే. పంది ఏలికపాము మనిషికి కూడా సోకుతుంది. పిల్లకి మాత్ర వేసి పందిని వదిలేస్తే కుండకి పైన మూత పెట్టి కింద చిల్లి వదిలినట్టే.

కాబట్టి అడగవలసినవి ఇవి. ప్రతి పేటలో చదివి, సంతకాలు పెట్టించి, కలెక్టరుగారి గ్రీవెన్స్ సెల్‌లో ఇవ్వండి.

1. పశువుల ఆసుపత్రులకి వచ్చే పురుగుమందుల్లో పందులకి మోతాదు రాసిన మందులు ఉండాలి. గేదె మందు అడుగు మాకొద్దు.

2. పశువ్యాధి నిర్ధారణ కేంద్రాల్లో పంది పెంటలో గుడ్ల లెక్క ఉచితంగా చెయ్యాలి. మందు ముందు ఒకసారి, పద్నాలుగు రోజులకి ఒకసారి. ఫలితం తెలుగులో, యజమాని చేతికి.

3. పశువైద్య కళాశాలలు మన పల్లెల పందుల మీద, యజమాని ఒప్పుకోలుతో, మందుల పరీక్షలు జరపాలి. మన ఆకు మందుల్ని కూడా వానపాము మీద కాక పంది పురుగు మీద పరీక్షించాలి. పరీక్ష కోసం కోసిన పందికి సంత ధర కట్టివ్వాలి. ఏం తేలిందో పేటలో మీటింగు పెట్టి చదివి వినిపించాలి.

4. కొల్లేటి పల్లెల్లో పందులకి టీకా, ఆక్స్‌ఫెండజోల్, అదే సమయంలో మనుషులకి డాక్టర్ల సమక్షంలో బద్దెపురుగు పరీక్ష, మందు ఇవ్వాలి. ఫిట్స్ ఉన్న ప్రతివాళ్ళకి ఉచితంగా స్కానింగ్ చేయించాలి.

5. రెండు మూడు తల్లిపందులున్నవాళ్ళకి సిమెంటు నేల దొడ్డికి, నీటికి సాయం చెయ్యాలి. రోగం పేరు చెప్పి నష్టపరిహారం ఇవ్వకుండా పందుల్ని పట్టుకుపోవటం, కాల్చటం ఆపాలి.

ఇందులో ఏ ఒక్కటీ ఆకాశంలో నక్షత్రం కాదు. మొదటి రెండిటికి ఉప్పు, గాజుపలక, మనసు చాలు.

ఆ ముసలావిడ దగ్గర మిగిలిన మూడు పిల్లల్లో ఒకటి పెద్దదై ఈతకి వచ్చింది. ఆవిడ మళ్ళీ ఆసుపత్రికి పోతానంటోంది. ఈసారి ఒంటరిగా పోనివ్వొద్దు. పేట నుంచి పదిమంది, పది గోనెసంచుల్లో పది పిల్లలతో, పది కాయితాల మీద పది బరువులు రాసుకుని పోదాం. పెంట కూడా పొట్లం కట్టి పట్టుకుపోదాం. బల్ల మీద పెట్టి, లెక్కపెట్టమని అడుగుదాం.

సీసా మీద పంది బొమ్మ వచ్చేదాకా అడుగుదాం.

జై భీమ్.